కాన్సెప్ట్ ఆల్బమ్‌లో సౌండ్: అపోహలు - వాస్తవాలు

మిక్సింగ్ కోసం నా దగ్గరికొచ్చే కుర్ర బ్యాండ్లలో కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ కలిసి ఒకే కథ చెప్పే ఆల్బమ్) చేస్తామనేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. సంతోషమే. కానీ వచ్చే ప్రాజెక్టులన్నీ ఒకే తీరున ఉంటున్నాయి. సెషన్ (రికార్డింగ్ ఫైలు) తెరవగానే వాన, ఉరుము, రైలు, అంబులెన్సు, తలుపు కిర్రుమనడం, గాజు పగలడం... పాట ట్రాకుల కంటే ఎఫెక్టుల ట్రాకులే ఎక్కువ. "ఇవన్నీ ఎందుకు తమ్ముడూ?" అంటే "కథ తెలియాలి కదన్నా" అంటారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఎఫెక్టులు ఎన్ని పెడితే కథ అంత బాగా తెలుస్తుంది

జనం డబ్బూ నెలలూ ఎక్కువగా తగలేసుకునేది ఇక్కడే. అందుకే ముందు దీని సంగతి.

మనవాళ్లకు ఈ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించగలను. రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం విని పెరిగిన ఇళ్లు మనవి. బొమ్మ లేకపోయినా గుర్రపు డెక్కలు, కత్తుల చప్పుడు వింటూ సన్నివేశం కళ్లకు కట్టేది. అయితే అక్కడ కథ నడిపేవి సంభాషణలు. చప్పుళ్లు వాటి వెంట నడిచేవి, అంతే. రాక్ ఆల్బమ్‌లో ఆ ఊతం ఉండదు. ఉత్త వాన శబ్దం పెడితే వినేవాడికి తెలిసేది వాన పడుతోందని మాత్రమే. తడుస్తున్నది ఎవరో, ఇంటికెందుకు పోలేదో ఆ వాన చెప్పలేదు.

శబ్దం కథ చెప్పాలంటే అది మళ్లీ రావాలి, వచ్చినప్పుడు మారి రావాలి. రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్' (1979) తీసుకోండి, తన చుట్టూ తానే గోడ కట్టుకునే ఒక రాక్ గాయకుడి కథ. 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్' అనగానే అందరికీ గుర్తొచ్చేది రెండో భాగం. అసలు మూడు భాగాలున్నాయి, మూడింటికీ వరస ఒకటే. మొదటి దాంట్లో డ్రమ్స్ లేవు. డిలే (ప్రతిధ్వనిలా స్వరాన్ని మళ్లీ మళ్లీ వినిపించే ఎఫెక్టు) వేసిన గిటార్ గొణుగుతుంటుంది, దూరంగా పిల్లలు ఆడుకుంటున్న సందడి. యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడు ఆ సందడికి బయటే ఉన్నాడని మనకే అర్థమవుతుంది. రెండో దాంట్లో డిస్కో బీటు ఎక్కుతుంది, లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లలు కోరస్ అందుకుంటారు. మూడోసారి అదే వరస కరుకు గిటార్లతో, ఎవరినీ దగ్గరికి రానివ్వని కోపంతో వచ్చి నిమిషం పైచిలుకులో అయిపోతుంది. గోడ కథే కదా, కడుతున్నప్పుడు తాపీ చప్పుడు ఎక్కడైనా వినిపించిందా?

అదే ఆల్బమ్‌లో 'యంగ్ లస్ట్' చివర ఒక ఫోన్ కాల్ ఉంది. టూర్‌లో ఉన్న హీరో అమెరికా నుంచి భార్యకు కలెక్ట్ కాల్ (డబ్బు అవతలివాళ్లు కట్టే కాల్) చేస్తాడు. అవతల మగగొంతు పలికి ఫోన్ పెట్టేస్తుంది. ఆపరేటర్ మళ్లీ కలుపుతుంది, మళ్లీ అంతే. ఎవరో మగమనిషి ఎత్తుతున్నాడని ఆమె తికమకపడుతుంది. కాపురం కూలిన సంగతి హీరో నోట ఒక్క పాట పాడించకుండానే తెలిసిపోయింది. ఆ ఆపరేటర్ నటి కాదు, నిజం ఆపరేటరే. కో-ప్రొడ్యూసర్, ఇంజనీర్ జేమ్స్ గత్రీ లండన్‌లోని తన పొరుగింటాయనకు ముందే చెప్పి ఉంచి, అమెరికా నుంచి కాల్ చేసి రికార్డు చేశాడు. ఆమెకేమో తాను రికార్డు అవుతున్నట్టే తెలియదు. దాని చుట్టూ వాన లేదు, వయొలిన్ లేదు, ఏడుపూ లేదు. అవి కూడా పెట్టి ఉంటే ఆ గొంతులోని తికమక ఎవరి చెవికీ ఎక్కేది కాదు.

మరి ఎఫెక్టులు అసలే వద్దా అంటే, వద్దనడం లేదు. పాటలో వాటికో ఉద్యోగం ఇవ్వండి. పింక్ ఫ్లాయిడ్‌దే 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973)లో 'మనీ' పాట మొదట వినిపించే చిల్లర గలగల, కాగితం చిరగడం, క్యాష్ రిజిస్టర్ ఇవన్నీ టేపు ముక్కలు. స్కేలుతో కొలిచి, సమానంగా కోసి, అతికించి ఏడు దెబ్బల లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) చేశారు. పాట నడక కూడా చాలావరకు ఏడే. మిశ్రచాపు అలవాటున్న చెవులకు వెంటనే పట్టేస్తుంది. బేస్ గిటార్ వచ్చి ఆ డబ్బు చప్పుడు నడకనే అందుకుంటుంది. డబ్బు తాళానికి జనం ఆడుతున్నారని ఇంతకన్నా ఎలా చెబుతారు?

మన దగ్గరి సంగతి ఒకటి. ఒక బ్యాండ్‌లో అందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, శని ఆదివారాలు ప్రాక్టీసు. ఊరి నుంచి అమీర్‌పేట హాస్టల్‌కు కోచింగ్ కోసం వచ్చిన కుర్రాడి కథ రాసుకున్నారు. ఎఫెక్టుల లైబ్రరీకి జీతాల్లోంచి దాచుకున్న డబ్బంతా పెట్టేశారు. ఆ మాట చెబుతున్నప్పుడు డ్రమ్మర్ మొహం చూశాక కోప్పడబుద్ధి కాలేదు. ఎఫెక్టులన్నీ మ్యూట్ చేసి, ఒక్కటి మాత్రం ఉంచా. వాళ్లలో ఒకడు తన పాత హాస్టల్ గదిలో ఫోన్‌తో రికార్డు చేసిన సీలింగ్ ఫ్యాన్ అది. చుట్టుకోసారి టక్కుమంటుంది. మొదటి పాటలో గొంతు పక్కన ఆ టక్కు ఒక్కటే పెట్టాం. క్లిక్ ట్రాక్ (తాళం కోసం చెవిలో టిక్‌టిక్‌మనే ట్రాక్) తీసేసి పాట టెంపోనే ఫ్యాన్‌కు కట్టాం. సాఫ్ట్‌వేర్‌లోని తాళపు గళ్లకు (గ్రిడ్‌కు) లాగి సరిచేయలేదు, దాని చిన్న తడబాటు దానికి వదిలేశాం. నడిమి పాటల్లో డ్రమ్స్‌లోని హై-హ్యాట్ తాళాలు ఆ చోటు తీసుకున్నాయి. రిజల్ట్స్ వచ్చిన రాత్రి పాటలో కరెంటు పోతుంది. ఫ్యాన్ నెమ్మదిస్తుంది, బ్యాండ్ మొత్తం దానితోపాటే నెమ్మదిస్తుంది. ఆగిపోతున్న ఫ్యాన్ వెంట కిట్ వాయించడం మాటలు కాదు, డ్రమ్మర్ చేత బాగానే తిట్లు తిన్నా. కొన్న లైబ్రరీలోంచి ఒక్క శబ్దం కూడా ఆల్బమ్‌లోకి రాలేదు.

పరీక్ష తేలికే. ఎఫెక్టును మ్యూట్ చేసి వినండి. పాట కుంటకపోతే ఆ ట్రాక్ డిలీట్ చేయండి.

అపోహ: రెవర్బ్ పెంచితే భావం పండుతుంది

రెవర్బ్ అంటే గదిలో శబ్దం మారుమోగినట్టు చేసే ఎఫెక్టు. అది చెప్పేది పాత్ర ఎక్కడుందో. భావం పాడేవాడి పని. 'ది వాల్'లోని 'కంఫర్టబ్లీ నంబ్' చరణాలు డాక్టర్‌వి, బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్ బీ మైనర్‌లో పాడాడు. పల్లవి మత్తులోకి జారుతున్న హీరోది, బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ డీ మేజర్‌లో పాడాడు. చరణంలో గొంతు మొహం మీదికొచ్చి ప్రశ్నలడుగుతున్నట్టుంటుంది. పల్లవి రాగానే మైకేల్ కేమెన్ ఆర్కెస్ట్రా విచ్చుకుంటుంది, గదికి గోడలు లేకుండా పోతాయి. గొంతు, శ్రుతి, స్థలం మూడూ ఒకేసారి మారాయి. మీ కథలో ఎన్ని చోట్లున్నాయో అన్ని రెవర్బ్ బస్సులు (చాలా ట్రాకులను ఒకే రెవర్బ్‌లోకి పంపే దారులు) పెట్టుకోండి. హాస్టల్ గదికి ఒకటనుకుంటే ఆల్బమ్ అంతా అదే. పాటకో ప్రీసెట్ (రెడీమేడ్ సెట్టింగ్) మార్చారంటే కుర్రాడు రోజుకో గదిలో ఉంటున్నట్టే.

అపోహ: పాటకీ పాటకీ మధ్య అతుకు డిస్ట్రిబ్యూటర్ చూసుకుంటాడు

మీ పాటల్ని స్ట్రీమింగ్ యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్ అది చూసుకోడు. ఆగకుండా సాగే ఆల్బమ్‌ను ఒకే సెషన్‌లో మాస్టర్ చేసి (విడుదలకు చివరి మెరుగులు దిద్ది), కోత ఆఖర్న పెట్టుకోండి. సీడీ కూడా వేస్తుంటే జాగ్రత్త, అది సెకనును 75 ఫ్రేములుగా కోస్తుంది, ఫ్రేముకు 588 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన అంకెలు). కోత ఆ గీత మీద పడకపోతే మిగిలిన ఖాళీని నిశ్శబ్దంతో నింపుతారు, మీకు 'టప్' అని వినిపిస్తుంది. ఎంపీ3 ఎన్‌కోడర్ ముందూ వెనకా తానే కాస్త ఖాళీ చేరుస్తుంది కాబట్టి అప్‌లోడ్‌కు వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఇవ్వండి. 'ది వాల్' చివర ఒక గొంతు సగం వాక్యం పలికి ఆగుతుంది. మిగతా సగం మొదటి పాట మొదట్లో ఉంటుంది. అంతదాకా ఆలోచించినవాళ్లు అతుకును ఇంకొకరికి వదిలేస్తారా? షఫుల్ (పాటల్ని వరుస తప్పించి వేయడం) గురించి బెంగపడేవాళ్లకు ఒక మాట: 2021లో గాయని అడెల్ అడిగాక స్పాటిఫై ఆల్బమ్ పేజీలోని ప్లే బటన్ నుంచి షఫుల్‌ను పక్కకు తీసేసింది. ఆ భయంతో వరుస మార్చుకోకండి.

అపోహ: అసలు శబ్దమే రికార్డు చేయాలి

'డార్క్ సైడ్' మొదటా చివరా వినిపించే గుండె చప్పుడు నిజం గుండెది కాదు, పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ బేస్ డ్రమ్. ఇంకేం కావాలి?

అపోహ: అట్మాస్ లేకపోతే వినేవాడు లోకంలోకి రాడు

అట్మాస్ అంటే చుట్టూ ఉన్న చాలా స్పీకర్ల కోసం చేసే మిక్స్. ది హూ బ్యాండ్ 'క్వాడ్రోఫీనియా' (1973)కు నాలుగు స్పీకర్ల మిక్స్ అనుకున్నారు, కుదరక స్టీరియోలోనే వదిలారు. సముద్రపు హోరులోంచి కథానాయకుడు జిమ్మీ నాలుగు స్వభావాల నాలుగు వరసలూ లీలగా తేలి వచ్చే ఆ మొదలు రెండు స్పీకర్లలో ఇప్పటికీ పనిచేస్తోంది. అట్మాస్‌కు డబ్బుంటే చేయండి, లేదని కుమిలిపోకండి.

అపోహ: రహస్య సందేశాలు, సినిమాతో కలిపి చూడటాలు

దయచేసి ఇవి నాకు ఫార్వర్డ్ చేయడం ఆపండి. 'డార్క్ సైడ్' 'విజర్డ్ ఆఫ్ ఓజ్' సినిమాకు సరిపోయేలా చేశారన్నది ఉత్త పుకారు. ఆ రోజుల్లో స్టూడియోలో వీడియో వేసుకునే వీలే లేదని ఇంజనీర్ అలన్ పార్సన్స్ చెప్పేశాడు. 'ది వాల్'లోని 'ఎంప్టీ స్పేసెస్' పాటలో వెనక్కి తిప్పితే వినబడే మాట మాత్రం నిజంగానే ఉంది. రహస్యం కనిపెట్టినందుకు అభినందనలు, జవాబు ఫలానా పిచ్చాసుపత్రికి పంపండి అని! వెతికేవాళ్లను ఏడిపించడానికి పెట్టిందే.

అపోహ: ఫోన్ స్పీకర్‌లో వినేవాళ్లకు ఇవేమీ వినబడవు, వాళ్లను వదిలేయొచ్చు

అడుగు బేస్ వినబడదు, అంతవరకే నిజం. మీ కథలో గుండె చప్పుడు ముఖ్యమైతే, అది ఉత్త 50 హెర్ట్జ్ ధబ్బు అయితే, ఫోన్‌లో ఆ పాత్ర చచ్చిపోయినట్టే. కిక్ (బేస్ డ్రమ్) మీద బీటర్ సుత్తి తగిలే టక్కును 2-4 కిలోహెర్ట్జ్ దగ్గర కొద్దిగా లేపండి, లేదా బేస్‌కు కాస్త శాచురేషన్ (సన్నటి కరుకుదనం) ఇచ్చి పై హార్మోనిక్స్ (ఎక్కువ పిచ్ ఉన్న తోడు స్వరాలు) పుట్టించండి. తర్వాత మోనోలో (ఎడమా కుడీ కలిపి ఒకే ఛానెల్‌గా) పెట్టి ఇంకోసారి వినండి. ఎడమా కుడీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే శబ్దం అక్కడే మాయమవుతుంది. ఆ పని మాస్టరింగ్‌కు పంపాక కాదు, ముందే.