తెర మీది నంబరుకు పూచీ ఎవరిది?

అమెరికాలో 1980ల చివర్లో, ఫోను చేసేవారి నంబరును అవతలి తెర మీద చూపే కాలర్ ఐడీ సేవ మొదలైనప్పుడు చర్చంతా ఫోను చేసేవారి గోప్యత చుట్టూనే తిరిగింది. నంబరు బయటపడటం ఇష్టం లేనివారి సంగతేమిటన్నది అప్పటి ప్రశ్న. దానికి జవాబుగా అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ) 1995లో నిబంధనలు తెచ్చింది. స్టార్, 67 నొక్కి నంబరు దాచుకునే వీలు అలా దేశమంతటికీ వచ్చింది. తెర మీద అబద్ధపు నంబరు వస్తే ఏం చేయాలన్నది మాత్రం అప్పట్లో ఎవరినీ పెద్దగా కలవరపెట్టలేదు.

అందుకు కారణం ఉంది. మామూలు ఇంటి ఫోను నంబరును పంపేది టెలిఫోన్ ఎక్స్ఛేంజీయే కాబట్టి మార్చడం వినియోగదారు చేతిలో లేదు. అయితే పెద్ద కార్యాలయాలకు సొంత పీబీఎక్స్‌లు, అంటే లోపలి ఫోన్లన్నిటినీ కలిపే చిన్న ఎక్స్ఛేంజీలు, ఉండేవి. ఏ నంబరు చూపించాలో అవే చెప్పేవి, ఫోను కంపెనీ సాధారణంగా దాన్ని తరచి చూడకుండా ముందుకు పంపేది. ఇంటి నుంచి రోగికి ఫోను చేసే వైద్యుడు ఆసుపత్రి నంబరు చూపించడానికి ఇదే ఏర్పాటు పనికొచ్చింది. ఇంటర్నెట్ కాల్స్ వచ్చాక ఆ వెసులుబాటు ఎవరికైనా కారుచౌకగా దొరికింది. ఈ చిక్కుముడి అంతా అక్కడే పడింది.

చట్టం ముందుగా ఫోనులో అమ్మకాలు చేసే టెలీమార్కెటర్ల దగ్గరే మొదలైంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2003లో సవరించిన నిబంధనల ప్రకారం వారు తమ నంబరును, వీలైతే పేరును కూడా పంపి తీరాలి. తమ నంబరుకు బదులు ఏ సంస్థ తరఫున అమ్ముతున్నారో దాని కస్టమర్ సర్వీస్ నంబరు చూపించవచ్చు. ఇది 2004 జనవరిలో అమల్లోకి వచ్చింది. నియమం మంచిదే, కానీ నియమాలు పాటించే ఉద్దేశం ఉన్నవారికి మాత్రమే.

టెలీమార్కెటర్లనే కాక అందరినీ కట్టడి చేసే ‘ట్రూత్ ఇన్ కాలర్ ఐడీ’ చట్టంపై 2010 డిసెంబరులో సంతకం పడింది. మోసగించే, హాని చేసే లేదా విలువైనదేదైనా అక్రమంగా పొందే ఉద్దేశంతో తప్పుడు నంబరు చూపిస్తే ఒక్కో ఉల్లంఘనకు 10,000 డాలర్ల వరకు జరిమానా. ఇక్కడ కీలకమంతా ‘ఉద్దేశం’లోనే ఉంది. హాని లేని మార్పిడిని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కావాలనే వదిలిపెట్టింది. మిసిసిపీ రాష్ట్రం ఇంకాస్త కఠినంగా, ఎదుటివారిని భ్రమింపజేయడమే నేరమంటూ సొంత చట్టం చేసింది. ఫెడరల్ చట్టం కాపాడిన దాన్ని రాష్ట్రం నిషేధించరాదని 2012లో అప్పీళ్ల కోర్టు ఆ చట్టాన్ని పక్కన పెట్టింది. న్యాయపరంగా అది సబబే కావచ్చు గానీ, ఉద్దేశాన్ని రుజువు చేసే భారం అధికారుల మీదే మిగిలిపోయింది.

ఈలోగా మోసగాళ్లు ‘పొరుగు నంబరు’ ఎత్తుగడ పట్టారు. మీ నంబరులోని ఏరియా కోడ్, దాని తర్వాతి మూడంకెలు వారి నంబరులోనూ ఉంటే మీ ఊరివారెవరో అనుకుని ఎత్తుతారు. ఫ్లోరిడాకు చెందిన ఒక వ్యక్తి 2016లో మూడు నెలల్లో ఇలా 9.6 కోట్లకు పైగా కాల్స్ చేయించి, పేరున్న హోటళ్ల పేరు చెప్పి విహారయాత్రల ప్యాకేజీలు అమ్మజూపాడు. ఎఫ్‌సీసీ 2018లో అతనికి 12 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వేయడం వేరు, రాబట్టడం వేరు. ఆటోమేటిక్ కాల్స్ కేసుల్లో విధించిన 20.8 కోట్ల డాలర్లలో చేతికొచ్చింది 6,790 డాలర్లేనని 2019లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. కాల్స్ విదేశాల నుంచి వస్తుంటే పట్టుకోవడం మరీ కష్టం. వాటిని, మెసేజీలను చట్టం పరిధిలోకి తెచ్చిన సవరణ 2018లో గానీ రాలేదు.

2019 డిసెంబరు నాటి ‘ట్రేస్డ్’ చట్టం దృష్టిని ఫోను కంపెనీల వైపు తిప్పింది. కాల్ మొదలైన చోటే కంపెనీ దానికి డిజిటల్ సంతకం జత చేయాలి. వినియోగదారు తనకు తెలిసినవాడే, ఆ నంబరు వాడే హక్కూ అతనికి ఉంది అని హామీ ఇవ్వగలిగితే ‘ఎ’ స్థాయి, వినియోగదారు మాత్రమే తెలిస్తే ‘బి’, కాల్ ఎక్కడి నుంచి తన నెట్‌వర్క్‌లోకి వచ్చిందో తప్ప ఇంకేమీ చెప్పలేకపోతే ‘సి’. పెద్ద కంపెనీలకు 2021 జూన్ 30 గడువు. ఈ సంతకం ఇంటర్నెట్ తరహా నెట్‌వర్క్‌ల కోసం రూపొందినది. దారిలో ఎక్కడైనా పాతకాలపు ఎక్స్ఛేంజీ తగిలితే సంతకం అక్కడే రాలిపోతుంది, నంబరు మాత్రం అవతలి తెర దాకా చేరుతుంది.