సిమూవూనా, హౌమూవూనా: ఒక కంచు పాత్ర పేరు వెనక కథ

బీజింగ్‌లో తియానన్‌మెన్ చౌరస్తా పక్కనున్న జాతీయ మ్యూజియం మరమ్మతుల తర్వాత 2011లో మళ్ళీ తెరుచుకుంది. అందులో ఉన్న అతిపెద్ద కంచు పాత్ర పేరు అప్పుడు మారిపోయింది. తరతరాల పిల్లలు పాఠాల్లో 'సిమూవూ డింగ్' అని చదువుకున్నది బోర్డు మీద 'హౌమూవూ డింగ్' అయింది. ఒక్క అక్షరమే తేడా. అయినా ఆ దేశంలో పెద్ద చర్చే నడిచింది.

డింగ్ అంటే కాళ్ళున్న వంటపాత్ర. సాధారణంగా మూడు కాళ్ళు, గుండ్రటి బొజ్జ ఉంటాయి. దీనికి మాత్రం నాలుగు కాళ్ళు, పెట్టె లాంటి నలుపలకల ఆకారం. ఎత్తు 133 సెంటీమీటర్లు, బరువు 832.84 కిలోలు. షాంగ్ వంశపు రాజు ఒకరు సుమారు 3,200 ఏళ్ళ క్రితం చనిపోయిన తల్లి కోసం దీన్ని పోత పోయించాడు. పితృదేవతలకు మాంసం వండి పెట్టేది ఇలాంటి పాత్రల్లోనే. కాబట్టి డింగ్ ఉన్నవాడిదే రాజ్యం అన్న భావన పాతుకుపోయింది. క్రీ.పూ. 606లో 'చూ' అనే రాజ్యపు రాజు, షాంగ్ తర్వాత గద్దెనెక్కిన ఝౌ రాజవంశపు డింగ్‌ల బరువెంతని ఆరా తీశాడట. 'డింగ్ బరువు అడగడం' అంటే సింహాసనం మీద కన్నేయడమని చైనా వాళ్ళు ఇప్పటికీ వాడతారు.

మ్యూజియంలో ఈ పాత్రలు పాచి పట్టినట్టు ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఆ రంగు వేల ఏళ్ళు మట్టిలో ఉన్నందువల్ల వచ్చింది. పోత పోసిన రోజున పసుపుపచ్చగా మెరిసేవి. అప్పటి శాసనాల్లో కంచును 'జిన్' అన్నారు. ఇవాళ ఆ మాటకు బంగారమని అర్థం. కంచు వేరు, కనకం వేరు అనుకునే మనకిది వింతే. పోత పద్ధతి కూడా వేరు. మన పంచలోహ విగ్రహాలకు ముందు మైనంతో బొమ్మ చేస్తారు. షాంగ్ పనివాళ్ళు మట్టి నమూనా మీద మట్టి అద్ది, దాన్ని ముక్కలుగా కోసి తీసి, కాల్చి, మళ్ళీ జోడించి, మధ్య ఖాళీలో కరిగిన లోహం పోసేవారు.

ఈ పాత్ర 1939 మార్చిలో హెనాన్ రాష్ట్రంలోని అన్‌యాంగ్ దగ్గర వూగ్వాన్ అనే ఊళ్ళో దొరికింది. షాంగ్ రాజుల చివరి రాజధాని అక్కడే ఉండేది. పాత వస్తువుల కోసం పొలాల్లో తవ్వడం ఆ చుట్టుపక్కల మామూలే. అప్పటికి ఆ ప్రాంతం జపాన్ సైన్యం చేతిలో ఉంది. ముక్కలు చేసి ఇస్తే కొంటానని ఒక వర్తకుడు ఆశ పెట్టాడని, రంపాలు అరిగినా పాత్ర తెగలేదని అంటారు. చివరికి సుత్తి దెబ్బలకు ఒక చెవి మాత్రం ఊడింది. పాత్ర మీద జపాన్ వాళ్ళ చూపు పడకుండా ఊరివాళ్ళు దాన్ని మళ్ళీ పాతిపెట్టారు. యుద్ధం ముగిశాక 1946లో పైకి తీస్తే, అది నాన్‌జింగ్‌కు, అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై షేక్ ప్రభుత్వం దగ్గరకు చేరింది. 1949లో ఆ ప్రభుత్వం తైవాన్‌కు వెళ్ళిపోతూ ఎన్నో పురావస్తువులను తీసుకెళ్ళినా ఇది నాన్‌జింగ్‌లోనే మిగిలింది. 1959లో బీజింగ్ వచ్చింది. ఒక చెవి తర్వాత చేసి అతికించిందే.

ఇక పేరు సంగతి. పాత్ర లోపలి గోడ మీద ఉన్నవి మూడే అక్షరాలు. రెండోది 'మూ', అంటే తల్లి. మూడోది 'వూ'. షాంగ్ వాళ్ళ వారానికి పది రోజులు. చనిపోయినవాళ్ళను వాటిలో ఒక రోజు పేరుతో పిలిచి, ఆ రోజున నైవేద్యం పెట్టేవారు. వూ ఐదో రోజు. తగాదా అంతా మొదటి అక్షరం దగ్గరే. పండితుడు గువో మోరువో దాన్ని 'సి' అని చదివాడు. 'తల్లి వూకు అర్పణ' అని భావం. ఆ పేరే స్థిరపడింది.

1976లో అన్‌యాంగ్‌లోనే ఝెంగ్ ఝెన్‌షియాంగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం దొంగలు ముట్టని ఒక సమాధిని తవ్వింది. అది షాంగ్ రాజు వూ డింగ్ (ఇది రాజు పేరు, పాత్రది కాదు) భార్య, సైన్యాలు నడిపిన ఫూ హావోది. అందులో 460కి పైగా కంచు వస్తువులు దొరికాయి. వాటిలో రెండు నలుపలకల డింగ్‌ల మీద అదే మొదటి అక్షరం, తర్వాత 'మూ షిన్' అని ఉంది. షిన్ ఎనిమిదో రోజు, ఫూ హావోకు మరణానంతరం వచ్చిన పేరు. మరి రాణి పేరు ముందు ఆ అక్షరం బిరుదు ఎందుకు కాకూడదు?

షాంగ్ లిపిలో అక్షరాన్ని కుడికి తిప్పి రాసినా, ఎడమకు తిప్పి రాసినా తప్పు లేదు. 'సి'ని అద్దంలో చూస్తే 'హౌ' అవుతుంది, అంటే రాణి. అప్పుడు అర్పణ కాస్తా 'రాణి, తల్లి వూ' అయిపోతుంది. 2011లో మ్యూజియం ఎంచుకున్నది ఈ అర్థాన్నే. నాకూ ఇదే సబబుగా తోస్తుంది. అందరూ మాత్రం ఒప్పుకోలేదు. పాత పేరును వెనకేసుకొచ్చే లిపి పండితులు ఇప్పటికీ ఉన్నారు.

విచిత్రం ఏమిటంటే, గాజు పెట్టె ముందు నిలబడి చూసేవాళ్ళకు ఆ మూడక్షరాలు కనిపించవు. అవి పాత్ర కడుపు లోపల ఉన్నాయి.