షియాన్ ట్రిప్: అపోహలు - వాస్తవాలు

మన ఊళ్ల నుంచి చిన్న చిన్న గ్రూపులను చైనా తీసుకెళ్లడం నా పని. "పాములు, పురుగులు పెడతారటగా, ఏం తినాలండీ?" ప్రతి గ్రూపులోనూ మొదటి ప్రశ్న ఇదే. చైనాలోని పాత రాజధాని నగరం షియాన్‌లో తిండి దొరక్క ఇబ్బంది పడ్డవాళ్లను నేనింతవరకూ చూడలేదు. తేదీల దగ్గర, పాస్‌పోర్ట్ నంబర్ల దగ్గర ఇరుక్కున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

అపోహ: షియాన్ అంటే మట్టి సైనికులే. పొద్దున దిగి చూసేసి సాయంత్రం రైలెక్కేయొచ్చు.

వాస్తవం: ఆ టెర్రకోట సైన్యం, అంటే చక్రవర్తి సమాధికి కాపలాగా కాల్చిన మట్టితో చేసిన సైనికుల బొమ్మలు, ఊళ్లో లేదు. ఊరికి తూర్పున, లిన్‌తోంగ్ అనే చోట, 35-40 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడింది. రానూపోనూ ప్రయాణం, క్యూలు, మూడు తవ్వకాల గుంటలు, అన్నీ కలిపి ఒక రోజు పట్టేస్తుంది. చాలామంది మొదటి గుంట దగ్గర ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. 1980లో దొరికిన రెండు కంచు రథాలు ఇప్పుడు అక్కడ కాదు, సమాధి వనంలో వేరే మ్యూజియంలో ఉన్నాయి. నన్నడిగితే సైనికులకంటే వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడాలి. గుర్రాల కళ్లేల వరకూ పనితనం కనిపిస్తుంది.

ఇంకో మాట. ఈ సైన్యాన్ని చేయించుకున్న చక్రవర్తి చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 210లో చనిపోయాడు. ఆయన సమాధి గదిని ఇప్పటికీ తెరవలేదు. సైనికుల మీది రంగులు మట్టిలోంచి తీయగానే ఎండి పెచ్చులూడిపోయాయి కాబట్టి తొందరపడటం లేదు. "సమాధి లోపలికి తీసుకెళ్తాం" అని దారిలో ఎవరైనా పిలిస్తే, చూపించేది ఉత్త నమూనానే. డబ్బు దండగ.

అపోహ: చైనా మహాకుడ్యం కూడా అక్కడే కదా, పనిలో పనిగా చూసేద్దాం.

వాస్తవం: షియాన్‌లో ఉన్నది నగర ప్రాకారం. 14వ శతాబ్దంలో మింగ్ రాజుల కాలంలో కట్టింది, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు. మీరు ఫొటోల్లో చూసే మహాకుడ్యం బీజింగ్ పక్కన ఉంది. బీజింగ్ నుంచి షియాన్‌కు హైస్పీడ్ రైల్లోనే నాలుగున్నర నుంచి ఆరు గంటలు. అయినా ఈ ప్రాకారాన్ని తక్కువ చేయకండి. దాని మీద అద్దె సైకిల్ తొక్కుతూ ఊరంతా చుట్టి రావచ్చు. ఇటుకల మీద కుదుపులు ఎక్కువ, నడుం నొప్పి ఉన్నవాళ్లు బ్యాటరీ బండి ఎక్కడం మంచిది.

అపోహ: పాత ఊరంతా ప్రాకారం లోపలే, బయట చూడ్డానికి ఏమీ లేదు.

వాస్తవం: తాంగ్ రాజుల కాలంలో ఈ ఊరు చాంగాన్. అప్పుడది 84 చదరపు కిలోమీటర్ల నగరం. ఇప్పటి ప్రాకారం లోపలున్నది అందులో చిన్న ముక్క. అందుకే పెద్ద హంస గోపురం అనే బౌద్ధ కట్టడం ప్రాకారానికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది. కట్టినప్పుడు మాత్రం అది ఊరి లోపలే ఉంది. 652లో దాన్ని కట్టించింది ఎవరనుకున్నారు? మనం స్కూల్లో చదువుకున్న హ్యుయన్ త్సాంగే. భారతదేశం నుంచి 645లో తిరిగొచ్చి, తెచ్చుకున్న 657 గ్రంథాలను భద్రం చేయడానికి కట్టించాడు. ఆయన ఆంధ్ర దేశానికీ వచ్చాడు. ధాన్యకటకంలో, అంటే మన అమరావతి దగ్గర, కొన్ని నెలలుండి బౌద్ధ గ్రంథాలు చదువుకున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు గోపురం ముందున్న ఆయన విగ్రహం దగ్గర నిలబడి, బస్సుకు టైమైందన్నా కదల్లేదు. నేనూ తొందరపెట్టలేదు. ఈ గోపురాన్ని గంటలో ముగించే ప్యాకేజీలంటే నాకు ఒళ్లు మంట.

అపోహ: దసరా సెలవులకు వెళ్తే సరిపోతుంది, వాతావరణం కూడా బాగుంటుంది.

వాస్తవం: అక్టోబర్ 1 నుంచి వారం రోజులు చైనాలో జాతీయ సెలవులు. దేశం దేశమే రోడ్డెక్కుతుంది. మన దసరా సెలవులు చాలాసార్లు సరిగ్గా అప్పుడే పడతాయి. మే మొదటి వారం కూడా అంతే. ఒక్క వారం అటో ఇటో జరుపుకోగలిగితే హోటల్ రేటు తగ్గుతుంది, మనుషుల తలలు కాకుండా సైనికుల తలలు కనిపిస్తాయి. ఏప్రిల్ నాకు ఇష్టం.

అపోహ: టికెట్లు అక్కడికెళ్లాక కౌంటర్లో తీసుకోవచ్చు.

వాస్తవం: అక్కడ రైలు టికెట్టయినా, మ్యూజియం టికెట్టయినా మీ పాస్‌పోర్ట్ నంబర్ మీదే నడుస్తుంది. షియాన్‌లోని షాన్‌షీ చరిత్ర మ్యూజియం ఉచితమే, కానీ ముందే స్లాట్ తీసుకోవాలి, అవి చూస్తుండగానే అయిపోతాయి. సోమవారం సెలవు. రైలు టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు.

ఒకసారి మా గ్రూపులో ఒకావిడ పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకుని, నాకు మాత్రం పాత జిరాక్స్ పంపారు. నేనూ సరిచూసుకోలేదు. స్టేషన్ గేటు దగ్గర మెషిన్ ఆవిడ కొత్త పాస్‌పోర్ట్‌ను చదవలేదు, రైలు వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఒరిజినల్ ఫొటో చూడందే బుకింగ్ చేయను. మన పేర్లతో ఇంకో తంటా: ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే రాయాలి.

అపోహ: పది రోజుల లోపయితే వీసా అక్కర్లేదు.

వాస్తవం: 240 గంటల ట్రాన్సిట్ మినహాయింపు కొన్ని దేశాల పాస్‌పోర్ట్‌లకే, అందులో భారత్ లేదు. అమెరికా నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటాయి. పిల్లలకు అమెరికన్ పాస్‌పోర్ట్, తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు. పాస్‌పోర్ట్ భారతదేశానిదైతే గ్రీన్ కార్డున్నా వీసా తీసుకోవాల్సిందే. పిల్లలకు మినహాయింపు కావాలన్నా చైనా నుంచి మూడో దేశానికి వెళ్తూ ఉండాలి.

ఫోన్, డబ్బు సంగతి: హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ రావు. మన సిమ్ రోమింగ్‌లో సాధారణంగా వస్తాయి. అక్కడ ఫోన్‌తో డబ్బు కట్టే యాప్ అలీపేలో ఇంటి దగ్గరే కార్డు కలిపి పెట్టుకోండి, బ్యాంకులో విదేశీ లావాదేవీలు ఆన్ చేయించండి. కొంచెం యువాన్ నగదు కూడా ఉంచుకోండి.

ఇక తిండి. అక్కడి ముస్లిం వీధిలో గొర్రె, ఎద్దు మాంసం ఎక్కువ, పంది మాంసం ఉండదు. శాకాహారులు "మాంసం వద్దు" అంటే చాలదు, ముక్కలు తీసేసి అదే మాంసం రసంతో తెచ్చిపెడతారు. రసం, కొవ్వు, గుడ్డు కూడా వద్దని చైనీస్‌లో రాయించిన కార్డు చూపించండి. పెద్ద బౌద్ధ ఆలయాల దగ్గరి శాకాహార హోటళ్లలో చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మనవాళ్లకు నేను మొదట పెట్టించేది వెడల్పాటి నూడుల్స్ మీద కారం పోసి, పైన కాగిన నూనె చుయ్యిమని పోసే వంటకం. ఆ వాసన వస్తే ఎవరూ పాముల సంగతి అడగరు. వెనిగర్ మాత్రం ధారాళంగా పోస్తారు, పడనివాళ్లు పోయకముందే చెయ్యి అడ్డం పెట్టాలి.