చైన్ అరిగిందా, మనమే అరగదీశామా?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ మోటార్‌సైకిల్‌కు చైన్ సెట్ (చైనూ, ముందూ వెనకా ఉండే రెండు స్ప్రాకెట్లూ, అంటే పళ్ళ చక్రాలూ) వేసి ఏడాది తిరక్కుండానే వెనక స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగిపోయాయనీ, సరుకు నాసిరకమనీ రాశారు. కావచ్చు. కానీ మళ్ళీ కొత్త సెట్ కొనేముందు ఈ ఉత్తరం ఓసారి చదవండి. కారణం వెతక్కుండా సామాను మారిస్తే ఏమవుతుందో నేను నా డబ్బుతో నేర్చుకున్నాను.

దూరప్రయాణాలకని నేను కొన్న మొదటి బండికి చైన్ సెట్ 9,000 కిలోమీటర్లకే పోయింది. సీలున్న చైన్‌ను శ్రద్ధగా చూసుకుంటే 20,000 నుంచి 30,000 దాకా రావడం మామూలే. మెకానిక్‌ను మనసులో తిట్టుకుని ఇంకో సెట్ వేయించాను. అదీ అంతే. మూడోసారి ముందు స్ప్రాకెట్ వెనక నుంచి ఆయిల్ కారడం మొదలైంది. విప్పి చూస్తే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టు బేరింగ్ పోయింది. తప్పు సరుకుదీ కాదు, మెకానిక్‌దీ కాదు. ఖాళీ బండిని స్టాండు మీద నిలబెట్టి, చైన్‌ను చక్కగా బిగించి, ఆ తర్వాత రెండు సైడ్ బ్యాగులూ, టెంటూ, వెనక ఇంకో మనిషినీ ఎక్కించుకుని బయల్దేరేవాణ్ణి.

అందులో తప్పేముంది అంటారా? బండి పక్కన కూర్చుని చూడండి. ముందు స్ప్రాకెట్ నడిబొడ్డు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చేయి) కీలు, వెనక చక్రం ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు స్ప్రాకెట్‌కూ ఇరుసుకూ మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువ. ఖాళీ బండిలో ఇరుసు ఆ గీతకు కింద ఉంటుంది. బరువు పడేకొద్దీ పైకొస్తుంది, చైన్ బిగుసుకుంటుంది. స్టాండు మీద సరిపోయిందనుకున్న చైన్ గుంతలో పడ్డప్పుడు వీణ తీగలా అయిపోతుంది. ఆ లాగుడంతా చైన్ పిన్నుల మీద, స్ప్రాకెట్ పళ్ళ మీద, చివరికి గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. లూజు చైన్ చప్పుడు చేసి చెబుతుంది, మరీ వదులైతే జారి ప్రమాదం తెస్తుంది కూడా. టైటు చైన్ మాత్రం నోరెత్తకుండా లోపల్లోపల తినేస్తుంది. అనుమానముంటే ఒక్క పిసరు లూజు వైపే ఉండండి.

మాన్యువల్‌లో ఎంత లూజు ఉండాలో, అంటే చైన్ కింది వరుస మధ్యలో పైకీ కిందికీ ఎంత ఆడాలో రాసి ఉంటుంది. చాలా బండ్లకు 25 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య, సస్పెన్షన్ పొడవుగా ఊగే బండ్లకు ఇంకా ఎక్కువ. ఆ కొలత సైడ్ స్టాండు మీదా, సెంటర్ స్టాండు మీదా అన్నది కూడా చదవండి. అక్కడే చాలామంది పొరబడతారు. ప్రయాణానికి ముందు సామాను కట్టి, ఇద్దరు ముగ్గుర్ని బండి మీద కూర్చోబెట్టి, స్ప్రాకెట్, కీలు, ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చేదాకా కిందికి నొక్కించండి. అక్కడ కూడా చైన్ వేలితో కాస్త ఆడాలి.

ఇక "చైన్ సాగింది" అంటారే, ఆ మాట నాకు నచ్చదు. ఉక్కు రబ్బరా సాగడానికి? సాగినట్టు కనిపించేది లింకుల్ని కలిపే పిన్నులూ, అవి తిరిగే గొట్టాల్లాంటి బుష్‌లూ అరిగినందువల్ల. 520, 525, 530 సైజు చైన్లన్నిటికీ పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 15.875 మి.మీ. 21 పిన్నులు లెక్కపెట్టి, చైన్‌ను బిగువుగా పట్టి, మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్యకు కొలిస్తే కొత్త చైన్ 317.5 మి.మీ. ఉంటుంది. హద్దు బండిని బట్టి మారుతుంది, కొన్ని మాన్యువల్‌లు 319.4 అంటాయి, కొన్ని 323 అంటాయి. 319.4 అనుకుంటే పెరిగింది 1.9 మి.మీ. మాత్రమే. 20 కీళ్ళకు పంచితే ఒక్కోదానికి వెంట్రుకవాసి. అయినా 112 లింకుల చైన్ మొత్తానికి అది పది మిల్లీమీటర్లు దాటుతుంది. అప్పుడు రోలర్లు (బుష్‌ల మీద తిరుగుతూ పళ్ళ మధ్య కూర్చునేవి) పన్ను మొదట్లో కూర్చోకుండా పైకెక్కి, దాన్ని గీరి కొక్కెం చేస్తాయి. అందుకే అరిగిన చైన్ ఉంచి స్ప్రాకెట్ ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. చైనూ, రెండు స్ప్రాకెట్లూ మూడూ కలిపి మార్చాల్సిందే.

సీలున్న చైన్ కీళ్ళలో గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టి, చిన్న రబ్బరు రింగులతో మూసేస్తారు. రింగు పోతే గ్రీజు పోతుంది, మనం పైనుంచి ఎంత ఆయిల్ కొట్టినా లోపలికి పోదు. కాబట్టి పెట్రోలుతో కడగొద్దు, ఇనుప బ్రష్‌తో రుద్దొద్దు, ప్రెషర్ నీళ్ళు దగ్గరగా కొట్టొద్దు. కిరోసిన్, మెత్తటి బ్రష్ చాలు. తుడిచాక, బండి దిగిన వేడి మీద, కింది వరుస లోపలి వైపు నుంచి ల్యూబ్ కొట్టండి. చక్రం చేత్తోనే తిప్పండి. ఇంజన్ ఆన్ చేసి, గేర్‌లో పెట్టి, గుడ్డతో తుడిచి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకండి.

చక్రం తిప్పేటప్పుడే నాలుగైదు చోట్ల లూజు కొలవండి. ఒకచోట టైటు, ఇంకోచోట లూజు ఉంటే చైన్ సమంగా అరగడం లేదని అర్థం. కొన్ని కీళ్ళు పట్టేసి ఉంటాయి. అలాంటి చైన్‌ను లూజుగా ఉన్నచోట చూసి బిగిస్తే టైటుచోట ప్రాణం తీస్తుంది.

కొండలెక్కడానికి లాగుడు కావాలని ముందు స్ప్రాకెట్ 17 పళ్ళది తీసి 16ది వేయించామని కూడా రాశారు. లాగుతుంది, నిజమే. కానీ 17 పళ్ళ దాని మీద ప్రతి లింకూ సుమారు 21 డిగ్రీలు వంగితే 16 మీద 22.5 వంగాలి, పైగా అదే ఇంజన్ బలానికి చైన్ మీద లాగుడు పెరుగుతుంది. ఇంకో తమాషా చూడండి. 112ను 16 నిశ్శేషంగా భాగిస్తుంది. అంటే ఒక్కో పన్ను ఎప్పుడూ అవే ఏడు రోలర్లను కలుస్తుంది. ఒక చెడ్డ రోలరుంటే దాని దెబ్బంతా ఆ ఒక్క పన్నుకే. 17 పళ్ళయితే ప్రతి పన్నుకూ అన్ని రోలర్లూ వంతులవారీగా వస్తాయి.

వెనక చక్రం నడిమి హబ్‌లో కుదుపులు తగ్గించే రబ్బర్లుంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. చక్రాన్ని కదలకుండా పట్టి స్ప్రాకెట్‌ను ముందుకూ వెనక్కూ ఆడించండి. డబడబ కొట్టుకుంటే ఇంజన్ ప్రతి కుదుపూ నేరుగా చైన్‌కే తగులుతోందన్నమాట. పై గేర్‌లో తక్కువ స్పీడుతో బరువు బండిని గుంజుతూ నడిపితే ఆ కుదుపులు ఇంకా ఎక్కువ. చక్రం వంకర లేకుండా చూడండి, స్వింగ్ ఆర్మ్ మీది గుర్తు గీతల్ని పూర్తిగా నమ్మకుండా కీలు నుంచి ఇరుసుకు రెండు వైపులా కొలవండి.

చైన్ బదులు ఇనుప షాఫ్టుతో చక్రం తిరిగే బండి కొంటే ఈ గొడవే ఉండదని పెద్దవాడు అంటున్నాడట. గొడవ ఉంటుంది, కాకపోతే కంటికి కనిపించదు. షాఫ్టు, చక్రం కలిసేచోట ఒకదానిలో ఒకటి ఇమిడే గాడి పళ్ళు, అంటే స్ప్లైన్లు, గ్రీజు లేక ఎండిపోతే పళ్ళు పళ్ళుగా తినేసుకుంటాయి. టైరు మార్చడానికి చక్రం విప్పినప్పుడల్లా, మాన్యువల్ చెప్పిన గ్రీజు వాటికి పెట్టించాలి, ఫైనల్ డ్రైవ్ (వెనక చక్రం దగ్గరి గేర్ల పెట్టె) ఆయిల్ గడువుకు మార్చాలి. బెల్టు బండికి ఆయిల్ పని లేదు గానీ, బెల్టుకూ పుల్లీకీ మధ్య ఇరుక్కున్న చిన్న రాయి చాలు దాన్ని పొడిచేయడానికి.

ఈ ఆదివారం పాత చైన్ విప్పకుండానే 21 పిన్నుల కొలత, నాలుగుచోట్ల లూజు, సామాను కట్టాక లూజు కొలిచి రాసి పంపండి. హబ్ రబ్బర్ల ఫోటో కూడా. కొత్త సెట్ సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

మీ
తాతయ్య