సిలుయెట్: పేరు మంత్రిది, అంచు నీడది

లోపలి వివరాలేమీ లేకుండా అంచు ఒక్కటే పోల్చుకోగల నల్లటి ఆకారం సిలుయెట్. తెలుగులో నీడబొమ్మ అనొచ్చు. అసలు 'ఛాయాచిత్రం' అన్న మాట అతికేది దీనికే. దాన్ని ఫొటోకి ధారపోశాం.

ఎతియెన్ ద సిలుయెట్ 1759 మార్చిలో ఫ్రాన్సు ఆర్థికమంత్రి అయ్యాడు. యుద్ధంతో ఖజానా వట్టిపోయింది. కలవారి మీద పన్నులు వేయబోయాడు. నవంబరుకి పదవి ఊడింది. చవకరకం సరుకునల్లా 'సిలుయెట్ తరహా' అని వెక్కిరించారు. తైలవర్ణచిత్రానికి డబ్బు పెట్టలేనివారు గీయించుకునే నీడబొమ్మకి ఆ పేరు అంటుకుంది. పదవి నీడలా క్షణికం కాబట్టి ఆ పేరన్న వాదమూ ఉంది. చవకదనం వాదమే నాకు బలంగా తోస్తుంది. ఇంటిపేరు మాత్రం ఫ్రాన్సు, స్పెయిన్ సరిహద్దుల్లో మాట్లాడే బాస్క్ భాషది. 'సులో' అంటే కన్నం, '-ఎతా' అంటే అవి దండిగా ఉండే చోటు!

ఇక అంచు సంగతి. దీపానికీ కాగితానికీ మధ్య మనిషిని కూర్చోబెట్టి, కాగితం మీద పడ్డ తల నీడ అంచుని గీస్తారు. దీపపు మంట వెడల్పుని తల నుంచి కాగితానికి ఉన్న దూరంతో హెచ్చించి, దీపం నుంచి తలకి ఉన్న దూరంతో భాగిస్తే అంచు ఎంత మసకబారుతుందో వస్తుంది. మంట 1 సెం.మీ., దీపం 200 సెం.మీ., కాగితం 20 సెం.మీ. అయితే మసక 1 మి.మీ.; బొమ్మ 1.1 రెట్లు. రెండు దూరాలూ 50 అయితే మసక 1 సెం.మీ., బొమ్మ రెట్టింపు, ముక్కు కొన ఎక్కడో తేలదు. పలచటి కాగితం వెనక నుంచి గీస్తే గీసేవారి చేతి నీడ అడ్డురాదు. తర్వాత పాంటోగ్రాఫ్‌తో (గీతని చిన్నదిగానో పెద్దదిగానో నకలు తీసే కడ్డీల చట్రం) మూడో వంతుకి కుదిస్తే చేతి వణుకూ మూడో వంతే. ముఖం పక్కకే ఎందుకు తిప్పాలి? నుదురు, ముక్కు, గడ్డం ఒకే తలంలో ఉంటాయి కనుక అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. ఎదురుగా కూర్చుంటే ముక్కు నీడలో మునిగిపోతుంది.

లవాటర్ అనే స్విస్ మతబోధకుడు 1775 నుంచి ఈ గీతల్లో గుణగణాలు చదవబోయాడు. చేతిరేఖలకి బదులు ముక్కురేఖలు, అంతే తేడా.

ఎక్స్‌రే చదివేవారికి ఈ మాట ఇంకా పనిలో ఉంది. ఎక్స్‌రే నిపుణుడు ఫెల్సన్ 1950లో ప్రచారంలోకి తెచ్చిన 'సిలుయెట్ సైన్' ఇది: గుండె అంచు కనబడేది పక్కనున్న ఊపిరితిత్తిలో గాలి ఉన్నంతవరకే. న్యుమోనియాతో అక్కడ ద్రవం నిండితే రెండింటి సాంద్రతా ఒకటై అంచు చెరిగిపోతుంది. గుండె కుడి అంచు చెరిగితే జబ్బు కుడి ఊపిరితిత్తి మధ్య తమ్మెలో (లోబ్‌లో). గుండె అంచు స్పష్టంగా ఉండి డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింది కండరపు పొర) గీత మాయమైతే కింది తమ్మెలో.