కత్తి పడితే పాకుతాదా? ఒక సర్జన్ ముప్పై ఏళ్లు వదలని ప్రశ్న

మా కర్నూలు సైడు పల్లెల్లో ఒక మాట ఇప్పటికీ గట్టిగా నడుస్తాంది, క్యాన్సర్ గడ్డకి సూది పొడిచినా కత్తి పెట్టినా అది ఒళ్లంతా పాకుతాదని. ఆలూరు, పత్తికొండ దిక్కు నుంచి పెద్దాసుపత్రికి వచ్చే ఆడోళ్లలో చానామంది గడ్డ చేతికి తగిలిన ఎన్నో నెలలకి గాని రారు. సిగ్గు ఒకటి, చేన్లో పని ఒకటి, డబ్బులు ఇంకొకటి, వీటన్నిటి కింద ఈ కత్తి భయం కూడా ఉంటాది. మా చిన్నమ్మ వరసామె ఒకామె బయాప్సీ (సూదితో గడ్డలో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) అనంగానే డాక్టరు ముందరే "వద్దు నాయనా, అది పండుకోనుంది, దాన్ని లేపద్దు" అనేసింది. డాక్టరమ్మకి నవ్వాల్నో కోప్పడాల్నో తెలీలేదు.

ముందే చెప్పేస్తా, సూది పరీక్ష వల్ల ఎవరి ప్రాణమూ పోదు, గడ్డని అట్లే వదిలేస్తే మాత్రం పోతాది. అందులో వాదన లేదు. గాని "ఆపరేషన్ చేసే ఆ కాసేపట్లో గడ్డలోని కణాలకి ఏమవుతాది?" అనే ప్రశ్న ఉంది చూడండి, అది పల్లెటూరి మూఢనమ్మకం అని తోసెయ్యకుండా జీవితం మొత్తం దాని వెనకాలే తిరిగిన సర్జన్ ఒకాయన మన దేశంలోనే ఉన్నాడు. డాక్టర్ రాజేంద్ర బడ్వే. ముంబై టాటా మెమోరియల్‌లో రొమ్ము క్యాన్సర్ సర్జన్, తర్వాత దానికే డైరెక్టర్‌గా కూడా చేసినాడు, 2013లో పద్మశ్రీ కూడా వచ్చింది. మన టీవీల్లో ఆయన పేరు పెద్దగా వినపడదు, ఎందుకంటే ఆయన కనిపెట్టినవాటిలో కొత్త మందంటూ ఏదీ లేదు, అన్నీ పాత మందులే.

కథ లండన్‌లో మొదలయింది. 1991లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో ఆయనా, గైస్ హాస్పిటల్ వాళ్లూ కలిసి ఒక పేపర్ వేసినారు. ఇంకా నెలసరి ఆగని 249 మంది ఆడవాళ్ల పాత రికార్డులు తీసి, ఆపరేషన్ నెలసరిలో ఎన్నో రోజున జరిగింది అని చూసినారు, అంతే. నెలసరి మొదలైన 3వ రోజు నుంచి 12వ రోజు మధ్యలో ఆపరేషన్ అయినోళ్లలో పదేళ్ల తర్వాత బతికుండేది నూటికి 54 మంది, మిగతా రోజుల్లో అయినోళ్లలో 84 మంది. ఒకటే జబ్బు, ఒకటే ఆపరేషన్, తేడా క్యాలెండర్‌లో. ఆ 3 నుంచి 12 రోజుల్లో ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఒక్కటే పైకి లేస్తాంటాది, దాన్ని అదుపు చేసే ఇంకో హార్మోన్ ప్రొజెస్టిరాన్ ఇంకా రాదు, ఆ టైమ్‌లో గడ్డని కదిలిస్తే కణాలు తేలిగ్గా జారిపోతాయేమో అని అనుమానం.

నిజం చెప్పాలంటే నాకు ఆ 54, 84 చూస్తేనే డౌటొచ్చింది, అంత తేడా పాత రికార్డుల్లో కనపడితే ఎక్కడో లెక్క ఒకపక్కకి వాలిందేమో అనుకోవల్ల. తర్వాత వేరే చోట్ల చూసినోళ్లలో కొందరికి తేడా కనపడింది, కొందరికి కనపడలేదు. ఇట్లాంటప్పుడు చానామంది రీసెర్చర్లు రెండు పేపర్లు వేసుకోని ఇంకో టాపిక్‌కి పోతారు. ఈయన పోలేదు. ఇండియాకి వచ్చి, సరే, రోజు చూసి ఆపరేషన్ చెయ్యడం ఎందుకు, ప్రొజెస్టిరాన్‌నే సూదిగా ముందే ఇచ్చేద్దాం అనుకున్నాడు.

వెయ్యి మందిని తీసుకోని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసినారు. ఒక గుంపుకి ఆపరేషన్‌కి 5 నుంచి 14 రోజుల ముందు ఒకే ఒక్క సూది, రెండో గుంపుకి ఏమీ లేదు. 2011లో రిజల్ట్ వచ్చింది. మొత్తం మీద చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు! చంకలో ఉండే లింఫ్ గ్రంథులకి అప్పటికే జబ్బు పాకినోళ్లని విడిగా చూస్తే మాత్రం ఐదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉండేది సూది తీసుకున్నోళ్లలో 65.3 శాతం, తీసుకోనోళ్లలో 54.7 శాతం. ఇట్ల మొత్తంలో లేనిది ఒక ముక్కలో కనపడితే సైన్స్‌లో దాన్ని సగమే నమ్ముతారు, నమ్మాల్సింది కూడా సగమే.

2015లో ఇంకొకటి వచ్చింది, నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం, ఎందుకంటే సర్జన్ అయ్యుండి సర్జరీ దండగ అని చూపించినాడు. జబ్బు అప్పటికే ఎముకలకో లివర్‌కో పోయిన 350 మందిని తీసుకోని, సగం మందికి రొమ్ములో గడ్డ తీసినారు, సగం మందికి తియ్యలేదు. తీసినోళ్లు ఎక్కువ కాలమేం బతకలేదు. రొమ్ము దగ్గర జబ్బు అదుపులో ఉండింది గాని దూరంగా ఉండే జబ్బు మాత్రం తీసినోళ్లలోనే తొందరగా పెరిగింది. అంటే మా చిన్నమ్మ అనిన "లేపద్దు" అనే మాటలో రవ్వంత ఏదో ఉందన్నమాట, కాకపోతే అది ఆమె స్టేజీకి వర్తించదు, ముందరే దూరాలకి పాకినోళ్ల సంగతి అది. ఇది కలిపేసి మాట్లాడితేనే ప్రమాదం.

ఇంక అసలుది. పన్ను పీకేటప్పుడు చిగురుకి ఒక సూది వేస్తారే, లిగ్నోకైన్, 1943లో స్వీడన్‌లో తయారైన మందు, ఇప్పుడు ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతాది. నరం నొప్పిని మెదడుకి చేర్చాలంటే దాని గోడలో ఉండే సన్న దారుల గుండా సోడియం లోపలికి పోవల్ల, లిగ్నోకైన్ ఆ దారుల్ని మూసేస్తాది, అందుకే మొద్దుబారుతాది. ల్యాబ్‌లో చూస్తే ఇట్లాంటి సోడియం దారులే క్యాన్సర్ కణాల మీద కూడా ఉన్నాయి, ఆ కణం ఉన్నచోటు నుంచి కదిలి పక్కకి చొరబడేదానికి అవి పనికొస్తాయి. సర్జన్ గడ్డని పట్టుకోని లాగి, నొక్కి, రక్తం అందకుండా చేసే ఆ అరగంటా గంటా కణాలకి పారిపోయే సమయం. మా దిక్కు బుడ్డల (వేరుశనగ) చేను ఎండిపోయినప్పుడు చెట్టు పీకితే కాయలు సగం నేల్లోనే తెగిపోతాయి, ఒక తడి ఇచ్చి పీకితే చెట్టుతోపాటే వచ్చేస్తాయి. బడ్వే అడిగింది కూడా అదే, పీకే ముందు ఒక తడి ఇస్తే?

థియేటర్‌లో ఇది ఎట్లుంటాదంటే, పేషెంట్‌కి అప్పటికే పూర్తి మత్తు ఇచ్చేసి ఉంటారు, నొప్పి తెలిసే ప్రశ్నే లేదు. అయినా సరే 0.5 శాతానికి పల్చన చేసిన లిగ్నోకైన్‌ని పెద్ద సిరంజిలోకి ఎక్కించి, గడ్డ లోపలికి పోకుండా దాని చుట్టూ, పైనా కిందా పక్కలా అంతా ఎక్కిస్తారు. తర్వాత 7 నుంచి 10 నిమిషాలు చేతులు కట్టుకోని నిలబడల్ల. బిజీగా ఉండే ఆపరేషన్ థియేటర్‌లో అందరూ గడియారం చూసుకుంటా ఊరికే నిలబడడమంటే చిన్న విషయం కాదు, లిస్టులో ఇంకా నలుగురు ఉంటారు కదా.

దేశంలో 11 సెంటర్లలో, 2011 నుంచి పదేళ్లకి పైగా పేషెంట్లని చేర్చుకుంటా పోయినారు, చివరికి లెక్కలోకి వచ్చింది 1,583 మంది. ఐదేళ్లకి బతికుండేది సూది వేసినోళ్లలో 90.1 శాతం, వెయ్యనోళ్లలో 86.4 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉండేది 86.6, 82.6. నూటికి దగ్గర దగ్గర నలుగురు ఎక్కువ బతికినారు, వంద రూపాయలు కూడా పట్టని మందుతో. మనం లక్షలు పోసి వేయించుకునే కొన్ని ఖరీదైన మందులు తెచ్చే లాభం కూడా ఈ మాత్రమే ఉంటాది. 2022లో పారిస్‌లో జరిగిన క్యాన్సర్ డాక్టర్ల మీటింగ్‌లో చదివినారు, 2023లో పేపర్‌గా వచ్చింది. పేటెంట్ ఎప్పుడో పోయిన మందు మీద ఏ కంపెనీ డబ్బు పెట్టదు, కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ కింద నడిచే ఆసుపత్రి కాబట్టి ఇది జరిగింది.

అభ్యంతరాలు లేకపోలేదు. రెండో గుంపుకి ఉత్తి నీళ్ల సూది కూడా వెయ్యలేదు కాబట్టి ఎవరికి మందు పడిందో సర్జన్‌కి తెలుసు. వేరే దేశంలో ఇంకో పెద్ద ట్రయల్‌లో ఇదే రిజల్ట్ మళ్లీ వస్తే గాని ఒప్పుకోమనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటా న్యాయమే. కాకపోతే ఇంత చవకైన, ఇన్నేళ్లుగా వాడకంలో ఉండే మందు, మోతాదు బరువుని బట్టి సరిగ్గా చూసుకుంటే పెద్దగా హాని లేనిది, ఒక సర్జన్ ఇప్పుడే మొదలుపెట్టినా నేను తప్పు పట్టను.

మన దిక్కు దీనికి వేరే అడ్డం ఉంది. ఆ 1,583 మందీ ముందుగా నేరుగా ఆపరేషన్‌కే పోగలిగినోళ్లు, గడ్డ ఇంకా చిన్నగా ఉండగానే వచ్చినోళ్లు. మా కర్నూలుకి గాని, అనంతపురం నుంచి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి గాని, కడప నుంచి రాయవేలూరుకి గాని పోయేవాళ్లలో చానామందికి గడ్డ అప్పటికే పెద్దదై చర్మానికి పట్టేసి ఉంటాది, ముందు కీమో ఇచ్చి కరిగించి తర్వాత కత్తి పట్టాల్సిందే. కీమో అయినాక ఈ సూది పనిచేస్తాదా లేదా ఆ ట్రయల్ చెప్పదు.

ఇట్ల గడ్డ ముదిరినాక వచ్చేదానికి కూడా టాటా వాళ్ల దగ్గర ఒక పాత లెక్క ఉంది, బడ్వే కూడా అందులో ఒకరు. 1998 నుంచి ముంబై మురికివాడల్లో లక్షా యాభై వేలకి పైగా ఆడవాళ్లతో చేసినారు, సగం మందికి రెండేళ్లకొకసారి హెల్త్ వర్కర్లు చేత్తోనే రొమ్ము పరీక్ష చేసినారు, మామోగ్రామ్ లేదు, డాక్టరు లేడు. ఇరవై ఏళ్ల తర్వాత 2021లో చూస్తే జబ్బు ముందు స్టేజీలోనే దొరికింది. చావులు మొత్తం మీద 15 శాతం తగ్గినాయి గాని అది గట్టిగా చెప్పుకునే తేడా కాదు, 50 దాటినోళ్లలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గినాయి. కేంద్రం రూల్ ప్రకారం ఇప్పుడు 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండే ప్రతి ఆడమనిషికీ ఐదేళ్లకొకసారి ఈ చేతి పరీక్ష చెయ్యల్ల. మా ఊర్లో హెల్త్ వర్కర్లు వచ్చి బీపీ చూస్తారు, వేలు పొడిచి షుగర్ చూస్తారు, రొమ్ము పరీక్ష దగ్గరికొచ్చేసరికి "గడ్డ ఏమన్నా ఉందామ్మా?" అని వాకిట్లో నిలబడి అడుగుతారు, వెనక అరుగు మీద మామ కూర్చోనుంటే ఆమె "లేదు" అంటాది, వీళ్లు "లేదు" అని రాసుకోని పోతారు.