మృదులాస్థి ఆగి ఎముక మొదలయ్యే చోటు

చెవి పైఅంచును మడిచి వదిలితే వెంటనే మళ్లీ నిటారుగా నిలబడుతుంది. లోపల ఉన్నది సాగే గుణమున్న మృదులాస్థి, అంటే కార్టిలేజ్. తమ్మెలో మాత్రం అది లేదు. అక్కడున్నది చర్మం, కొవ్వు, కాస్త పీచు కణజాలం. రక్తం బాగా అందుతుంది కాబట్టి తమ్మెకు కుట్టించిన పోగు గాయం తొందరగా మానుతుంది.

పైభాగంలో కుట్టించుకుంటే సంగతి వేరు. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. దాన్ని అంటిపెట్టుకుని ఉండే ఒక పల్చటి పొర నుంచే దానికి పోషణ అందాలి. సూది గుచ్చిన చోట సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా చేరి చీము పడితే, ఆ చీము పొరను మృదులాస్థి నుంచి విడదీస్తుంది. ఇక పోషణ అందక మృదులాస్థి చచ్చిపోతుంది, చెవి ఆకారమే మారిపోతుంది. కుస్తీ పట్టేవాళ్లలో కొందరి చెవులు గడ్డకట్టినట్టు వంకరగా కనిపించేదీ ఇందుకే. అక్కడ పొరను విడదీసేది దెబ్బకు పేరుకున్న రక్తం. కుట్టించుకున్నాక చెవి పైభాగం ఎర్రగా వాచి, ముట్టుకుంటేనే నొప్పి పుడుతుంటే పసుపు రాసి ఎదురుచూడొద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి పెద్దవాళ్లలో సుమారు 2.5 సెంటీమీటర్లు. బయటి మూడో వంతుకు గోడ మృదులాస్థి, మిగతా రెండు వంతులకు ఎముక. గులిమిని తయారుచేసే గ్రంథులు, వెంట్రుకలు బయటి భాగంలోనే ఉంటాయి. ఎముక భాగంలో చర్మం చాలా పల్చన. కింద మెత్త లేకుండా నేరుగా ఎముకకే అతుక్కుని ఉంటుంది. అందుకే ఇయర్‌బడ్ కాస్త లోపలికి పోగానే ప్రాణం విలవిల్లాడుతుంది. అసలు బడ్‌తో పనే లేదు. ఆ దారిలోని చర్మం కర్ణభేరి వైపు నుంచి బయటికి నెమ్మదిగా జరుగుతూ గులిమిని తనతో పాటే తెచ్చేస్తుంది. నమిలేటప్పుడు దవడ కదలిక కూడా సాయపడుతుంది. బడ్ చేసేది దీనికి పూర్తిగా ఉల్టా. గులిమిని అది పుట్టని చోటికి, కర్ణభేరి దాకా నెట్టేస్తుంది. అగ్గిపుల్లలు, పిన్నీసుల సంగతి వేరే చెప్పాలా!

కర్ణభేరి వెనక కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని మూడు బుల్లి ఎముకలు ఉన్నాయి. చివరిది 3 మిల్లీమీటర్లే, ఒంట్లో అన్నిటికన్నా చిన్నది. తల్లి కడుపులో ఇవి మొదట మృదులాస్థిగానే ఏర్పడి, తర్వాత ఎముకగా మారి, పుట్టేనాటికే దాదాపు పూర్తి సైజుకు వస్తాయి.

ఇంకా లోపల, వినికిడి నాడి మొదలయ్యే, నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా చుట్టూ ఉన్న ఎముక మన శరీరంలోని అతి దట్టమైన ఎముకల్లో ఒకటి. మిగతా ఎముకలు జీవితాంతం కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటాయి. ఇది ఒకసారి గట్టిపడ్డాక దాదాపు మారదు. ఈ దట్టదనం వల్లే పురాతన డీఎన్‌ఏ కోసం వెతికేవాళ్లు ముందుగా ఈ ఎముక దగ్గరికే వస్తున్నారు. హర్యానాలోని రాఖీగఢీ సింధు నాగరికత శ్మశానంలో దొరికిన 61 నమూనాలను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పొడి చేసి పరీక్షించారు. ఆ వేడి నేలలో వేల ఏళ్లున్న ఎముకల్లో ఒకే ఒక్క నమూనా నుంచి పనికొచ్చేంత డీఎన్‌ఏ దక్కింది. అది ఒక స్త్రీది. ఆ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.